అదే దారిలో ముందు నడిచిన అమ్మ, నాన్న: పీర్ సపోర్టర్ కావాలంటే

పిల్లవాడికి డెంగీ వచ్చిందంటే మన వాకిలి నిండిపోతుంది. పక్కింటావిడ బొప్పాయి ఆకు రసం తెస్తుంది, మేనమామ ప్రొద్దుటూరు నుంచి బైకు మీద వచ్చేస్తాడు, ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయని కువైట్ నుంచి రోజుకు నాలుగు ఫోన్లు వస్తాయి. అదే పిల్లవాడు మూడు వారాలుగా బడికి పోనని తలుపేసుకుంటే, కంచం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచిపోతుంటే, అర్ధరాత్రి మేలుకొని ఏడుస్తుంటే ఆ ఇంటికి ఎవరూ రారు. ఎందుకంటే ఆ ఇంటివాళ్లు ఎవరికీ చెప్పరు. చెబితే ఏం వినాల్సి వస్తుందో ఆ తల్లికి ముందే తెలుసు. "గారాబం ఎక్కువైంది." "గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించు." "ఇంట్లో ఆడపిల్ల ఉంది, యాడా అనబాక."

ఇలాంటి ఇంట్లోకి వెళ్లి కూర్చోగలిగినవారు కొందరున్నారు. నాలుగైదేళ్ల కింద అదే బాధ పడి, డాక్టర్ల చుట్టూ తిరిగి, ఇప్పుడు కాస్త కుదురుకున్న ఇంకో అమ్మ, ఇంకో నాన్న. ఆ పనిని ఒక పద్ధతిగా నేర్చుకుని చేసేవారిని పీర్ సపోర్టర్లు అంటున్నారు. కడపలో పీర్ అనగానే అందరికీ పెద్ద దర్గా గుర్తొస్తుంది కాబట్టి ముందే చెప్పాలి, ఇది ఆ మాట కాదు. ఇంగ్లిష్‌లో పీర్ అంటే సాటివారు. పిల్లల మానసిక ఆరోగ్యం విషయంలో సాటి తల్లిదండ్రుల తోడు అన్నమాట. గత కొన్ని నెలలుగా మీలో కొందరు "మా పాప ఇప్పుడు బాగుంది మేడమ్, మాలాంటి వాళ్లకు మేమేమైనా చేయగలమా" అని అడుగుతున్నారు. ఈ వ్యాసం వారి కోసం.

2015–16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. 40 మంది ఉన్న తొమ్మిదో తరగతి సెక్షన్‌లో లెక్కేస్తే దాదాపు ముగ్గురు. చాలా రకాల మానసిక సమస్యల్లో నూటికి 70 మందికి పైగా చికిత్స అందడం లేదని అదే సర్వే చెప్పింది. డాక్టర్లు తక్కువ ఉండటం ఒక కారణం. ఉన్న డాక్టరు దగ్గరికి కూడా ఆలస్యంగా వెళ్లడం ఇంకో కారణం. రిమ్స్‌లో సైకియాట్రీ ఓపీ ఉందని తెలిసినా ఆ బోర్డు కింద ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని వెనక్కి వచ్చేవాళ్లు ఉంటారు. మొదటిసారి ఆ మెట్లెక్కేటప్పుడు పక్కన ఒక మనిషి ఉంటే చాలు, ఆ ఆలస్యం తగ్గుతుంది.

ఇది మనకు కొత్త ఆలోచన కాదు

1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ అనే ఆయన ఒక పని చేశారు. ఆ రోజుల్లో మానసిక రోగిని ఆసుపత్రిలో వదిలేసి వెళ్లిపోవడం మామూలు. ఆయన ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి, కుటుంబం వాళ్లను రోగులతో పాటు అక్కడే ఉండమన్నారు. వాళ్లను కూర్చోబెట్టి జబ్బు గురించి మాట్లాడారు. కుటుంబాలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయి. కోలుకున్నవారు ఇళ్లకు తిరిగి వెళ్లారు.

మనవాళ్లకు బాగా తెలిసిన వేలూరు సీఎంసీ ఆసుపత్రి ఆ దారినే పట్టింది. 1957లో మొదలైన అక్కడి మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు ఇంటి మనిషి ఒకరు ఉండాలన్నది ఇప్పటికీ పద్ధతి. ఎదుగుదల సమస్యలున్న పిల్లల కోసం అక్కడ ఉన్న విభాగం పేరు 'నంబిక్కై నిలయం', అంటే నమ్మకపు ఇల్లు. అక్కడ బిడ్డతో పాటు తల్లో తండ్రో వారాల తరబడి ఉండి, బిడ్డకు ఎలా నేర్పాలో తామూ నేర్చుకుంటారు. డాక్టర్లు నేర్పేది కొంత. మధ్యాహ్నం బట్టలు ఉతుక్కుంటూ పక్క గది తల్లితో మాట్లాడుకుంటే వచ్చేది ఇంకొంత. ఈ రెండో దాన్నే ఆసుపత్రి గోడల బయటికి తెచ్చి, దానికి శిక్షణ, హద్దులు, పర్యవేక్షణ పెడితే పీర్ సపోర్ట్ అవుతుంది.

అమెరికాలో ఇలాంటి తల్లిదండ్రుల సంఘాలు 1980ల చివరికే జాతీయ స్థాయిలో ఏర్పడ్డాయి. ఇప్పుడు అక్కడ చాలా రాష్ట్రాల్లో సమస్య ఉన్న బిడ్డను పెంచిన అనుభవమే అర్హతగా, శిక్షణ, సర్టిఫికెట్ ఇచ్చి జీతం మీద పెట్టుకుంటున్నారు. మన దేశంలో గుజరాత్ 2014లో ఆరు ప్రభుత్వ మానసిక ఆరోగ్య కేంద్రాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'క్వాలిటీ రైట్స్' పద్ధతిని అమలు చేసినప్పుడు, కోలుకున్నవారినే పీర్ వలంటీర్లుగా తయారుచేసింది. మన దగ్గర మాత్రం ఇది ఎక్కువగా స్వచ్ఛందంగా చేసే పనే. జీతం ఉద్యోగం అనుకుని రావద్దు.

శిక్షణలో నేర్పేది ఏమిటి

చాలామంది శిక్షణ అంటే డిప్రెషన్ లక్షణాలు, ఏడీహెచ్‌డీ లక్షణాలు, మందుల పేర్లు బట్టీ పట్టడం అనుకుంటారు. అవి కొంత తెలియాలి. ఆతురత అంటే ఏమిటి, ఆటిజం అంటే ఏమిటి, లెర్నింగ్ డిజెబిలిటీ ఉన్న పిల్లవాడు బద్ధకస్తుడు ఎందుకు కాడు అన్నంత వరకు. కానీ శిక్షణలో ఎక్కువ సమయం పోయేది వినడం మీద.

ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఒకరు పది నిమిషాలు మాట్లాడాలి, రెండోవారు వినాలి. సలహా ఇవ్వకూడదు, మధ్యలో తన కథ చెప్పకూడదు. తర్వాత విన్నావిడ తాను విన్నది తిరిగి చెప్పాలి. ఇందులో కష్టం ఏముందనిపిస్తుంది. ప్రయత్నించి చూడండి, రెండో నిమిషంలోనే "ఏం కాదులేమ్మా, మావాడు ఇంతకంటే ఘోరంగా ఉండె" అని నోటిదాకా వస్తుంది. మనం దాన్ని ఓదార్పు అనుకుంటాం. ఎదుటి తల్లికి అది "నీ బాధ చిన్నది" అన్నట్లు వినిపిస్తుంది. "నువ్వు గట్టిగా ఉండాలి" అన్నా అంతే. మూడు వారాలుగా నిద్రలేని మనిషి ఇంకెంత గట్టిగా ఉంటుంది? శిక్షణ పొందినావిడ అడిగే ప్రశ్నలు చాలా మామూలుగా ఉంటాయి. "ఎప్పటినుంచి ఇట్లుందక్కా?" "ఇంట్లో ఇంకెవరికి తెలుసు?" "మీరు రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు?" మూడో ప్రశ్నకు కన్నీళ్లు పెట్టుకునే తల్లులు ఉంటారు. అప్పటిదాకా అందరూ బిడ్డ గురించే అడిగి ఉంటారు కదా.

రెండోది, తన కథ తాను చెప్పుకోవడం. పీర్ సపోర్టర్ దగ్గరున్న ఆస్తి ఆ కథే. కానీ దాన్ని గంటసేపు చెబితే వచ్చినావిడ తన బాధ మరిచి ఈవిడను ఓదార్చాల్సి వస్తుంది. అందుకే మూడు నాలుగు నిమిషాల్లో, ఎదుటివారికి పనికొచ్చే ముక్క మాత్రమే చెప్పడం సాధన చేయిస్తారు. మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లడానికి భయపడుతున్న తల్లికి మీరు మొదటిసారి వెళ్లిన రోజు గురించి చెబితే చాలు. మీ అత్తగారితో జరిగిన గొడవలు అక్కర్లేదు. చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు పూడుకుపోయి మాట రాకపోతే, ఇంకొంత కాలం ఆగమని శిక్షకులు చెబుతారు. అది తప్పు కాదు. గాయం పచ్చిగా ఉన్నప్పుడు ఇంకొకరి గాయం కడగలేం.

మూడోది నమ్మకాల విషయం. మన ప్రాంతంలో పిల్లవాడికి ఏదైనా అయితే ముందు దర్గాకో గుడికో తీసుకెళ్తారు. శిక్షణ లేని చదువుకున్నవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు, "ఈ కాలంలో కూడా తాయెత్తులేంటి" అంటారు. ఆ మాటతో ఆ తలుపు మూసుకుపోతుంది. గుజరాత్‌లోని మెహసాణా జిల్లాలో మీరా దాతార్ దర్గా ఉంది, మానసిక బాధలతో జనం అక్కడికి పెద్ద సంఖ్యలో వస్తారు. అక్కడ ప్రార్థనతో పాటు మందు కూడా అందేలా 'దవా–దువా' అనే కార్యక్రమం నడిపారు. దర్గాలో ప్రార్థన చేయించేవారే మనిషిని డాక్టరు గదికి పంపేవారు. పీర్ సపోర్టర్ కూడా అంతే అనాలి: "మొక్కు తీర్చుకోండి, ఆ తర్వాత ఓపీకి కూడా పోదాం, నేను వస్తా."

నాన్నల గురించి ఒక మాట. కడప, రాజంపేట, రాయచోటి వైపు ఎన్నో ఇళ్లలో నాన్న కువైట్‌లోనో ఖతార్‌లోనో ఉంటాడు. బిడ్డ సంగతి ఆయనకు ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా తెలుస్తుంది. అక్కడ రాత్రి తొమ్మిదికి డ్యూటీ దిగి ఫోన్ చేస్తే మనకు పదకొండున్నర. దూరంగా ఉన్న మనిషికి భయం కోపంగా బయటికొస్తుంది, "నువ్వు సరిగ్గా చూసుకోవడం లేదు" అని భార్యను అంటాడు. ఆయనతో ఆ పదకొండున్నరకు మాట్లాడటానికి ఇంకో నాన్న కావాలి, వీలైతే తానూ గల్ఫ్‌లో పనిచేసి వచ్చినాయన. ఇప్పటిదాకా మమ్మల్ని అడిగినవారిలో అమ్మలే ఎక్కువ. నాన్నలు కూడా ముందుకు రావాలని గట్టిగా కోరుతున్నాం.

గీత ఎక్కడ గీయాలి

మందుల గురించి పీర్ సపోర్టర్ మాట్లాడకూడదు. "మావాడికి ఈ మాత్రతో తగ్గింది, మీరూ అడగండి" అన్నా ప్రమాదమే. "పరీక్షలప్పుడు నిద్ర వస్తుంది, నెల రోజులు ఆపేయండి" అనడం ఇంకా ప్రమాదం. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే సమస్య తిరగబెడుతుంది. నిద్ర ఎక్కువవుతోందన్న సంగతిని డాక్టరుకు ఎలా చెప్పాలో, చీటీ మీద ఏం రాసుకుని వెళ్లాలో చెప్పడం వరకే మన పని. జబ్బుకు పేరు పెట్టడం కూడా మన పని కాదు.

రహస్యం విషయం కడప లాంటి ఊళ్లో చాలా పెద్దది. ఏడు రోడ్ల దగ్గర నిలబడితే పది నిమిషాల్లో ముగ్గురు బంధువులు కనిపించే ఊరు ఇది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం చికిత్స చేసేవారు వివరాలు బయటపెట్టకూడదు. పీర్ సపోర్టర్‌ను కట్టేది తన మాటే, అందుకే శిక్షణలో రాతపూర్వకంగా హామీ తీసుకుంటారు. పేరు చెప్పకపోతే చాలదు. "నైన్త్ క్లాసులో ఒక పాప, వాళ్ల నాన్న బ్యాంకులో..." అన్నారంటే పేరు చెప్పినట్లే. భర్తకు, అక్కకు కూడా చెప్పకూడదు. వాట్సాప్‌లో పెట్టకూడదు. పెళ్లిలో ఎదురుపడితే ఆ కుటుంబం పలకరిస్తేనే పలకరించాలి.

అయితే అన్నీ దాస్తానని మాట ఇవ్వకూడని సందర్భాలు రెండున్నాయి. ఈ సంగతి మొదటి కలయికలోనే చెప్పేయాలి. ఒకటి, బిడ్డ మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే. పోక్సో చట్టం, 2012 ప్రకారం తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాల్సిందే. రెండోది, ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే.

ఈ రెండోదాని మీద శిక్షణలో చాలాసేపు ఆగుతారు. పిల్లలు "నేను లేకపోతే మీకు హాయి" అన్నా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, చాలా రోజుల దిగులు తర్వాత ఉన్నట్టుండి ప్రశాంతంగా మారినా గమనించాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి పెద్దలు జంకుతారు, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని. అలా పుట్టదు. అడిగేవారు దొరికారని పిల్లలకు ఊరట కలుగుతుంది. అవునన్న జవాబు వస్తే బిడ్డను ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే వెంటనే తాళం వేసి పెట్టాలి, లేదా ఊళ్లో ఇంకెక్కడికైనా తరలించాలి. సేద్యం ఇళ్లలో ఇది మొదటి పని. మాత్రలు కూడా పెద్దల చేతిలోనే ఉండాలి. తర్వాత టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం అప్పుడే ఉందనిపిస్తే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లల రక్షణకు సంబంధించినదైతే 1098 ఉంది. ఈ నాలుగు అడుగులు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా సాధన చేయిస్తారు.

చిన్న చిన్న దారులు తెలిసి ఉండటం

ఓదార్పు ఒక్కటే సరిపోదు, దారి కూడా తెలియాలి. ఇందులో అనుభవం ఉన్న తల్లిదండ్రులను మించినవారు లేరు. సదరం స్లాట్ కోసం సచివాలయానికి వెళ్లేటప్పుడు ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, క్యాంపులో బిడ్డ చికాకు పడకుండా ఏం తీసుకెళ్లాలి, మండలంలో భవిత కేంద్రం ఎక్కడుంది, ఇవన్నీ వాళ్లకు కంఠతా వచ్చు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం, ఆటిజం, లెర్నింగ్ డిజెబిలిటీ కూడా ఉన్నాయని చాలామందికి తెలియదు. సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో అర్హత ఉన్న పిల్లలకు గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఇస్తారు. పదో తరగతిలోకి వచ్చాక ఫిబ్రవరిలో తెలుసుకుంటే ఆ కాగితాలు సమయానికి రావు. ఎనిమిదో తరగతిలోనే ఎవరో ఒకరు చెప్పాలి.

బడి వైపు నుంచి కూడా చేయాల్సినవి ఉన్నాయి, అవి మాకూ వర్తిస్తాయి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట శిక్షణ ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కుల ఆధారంగా పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం మానుకోవాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనిపించేలా పెట్టాలి. తల్లిదండ్రులకు కూడా అవగాహన కార్యక్రమాలు జరపాలి. మీ బ్రాంచిలో వీటిలో ఏది కనిపించకపోయినా ప్రిన్సిపాల్‌ను అడిగే హక్కు మీకుంది. పీర్ సపోర్టర్లు వచ్చారని కౌన్సెలర్ అవసరం తీరిపోదు. ఇది వారికి అదనం మాత్రమే, వారికి బదులు కాదు.

మీరు సిద్ధమేనా?

డిగ్రీలు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల సమస్యలున్న పిల్లల తల్లిదండ్రుల కోసం తయారుచేసిన శిక్షణలో తొమ్మిది బృంద తరగతులు, మూడు ఇంటి సందర్శనలు ఉంటాయి. నిపుణులు కానివారు కూడా నేర్చుకుని ఇంకొకరికి నేర్పేలా దాన్ని రూపొందించారు. కాబట్టి పదో తరగతి చదివిన తల్లి ఈ పనిని బాగా చేయగలదు. కావాల్సింది వేరే. మీ బిడ్డ పరిస్థితి కనీసం ఏడాదిగా నిలకడగా ఉండాలి. వారానికి రెండు మూడు గంటలు తీరిక ఉండాలి. ఒకేసారి రెండు మూడు కుటుంబాలకు మించి తీసుకోకూడదు. ఫోన్ ఎత్తే వేళలు ముందే చెప్పాలి, లేకపోతే ఆర్నెల్లలో మీకే నిద్ర కరువవుతుంది. నెలకోసారి కౌన్సెలర్‌తోనో సైకియాట్రిస్టుతోనో కూర్చుని, పేర్లు చెప్పకుండా, ఎక్కడ ఇబ్బంది పడ్డారో మాట్లాడాలి. ఈ నెలవారీ కూర్చోవడం లేకుండా ఎవరైనా పీర్ సపోర్ట్ చేయమంటే ఒప్పుకోవద్దు. మీ బిడ్డకు మళ్లీ బాగాలేకపోతే నిస్సంకోచంగా పక్కకు తప్పుకోవచ్చు, ఆ కుటుంబాలను వేరేవారికి అప్పగిస్తారు.

ఆసక్తి ఉన్నవారు బ్రాంచి కౌన్సెలర్‌ను కలవండి. అప్లికేషన్ ఏమీ లేదు, ముందు ఒక గంట మాట్లాడుకుంటారు అంతే. ఆ మాటలకు వచ్చే ముందు ఇంట్లో ఒక పని చేసి రండి. మీరు చెప్పబోయే కథలో సగం మీ బిడ్డది. ఇప్పుడు వాడికి పదిహేనేళ్లు, తనకంటూ స్నేహితులున్నారు, రేపు కాలేజీకి వెళ్తాడు. "నాన్నా, మనలాంటి ఇంకో ఇంటికి సాయంగా ఉంటే నీ సంగతి కొంచెం చెప్పాల్సి వస్తుంది, చెప్పొచ్చా?" అని అడగండి. ఏది చెప్పొచ్చో, ఏది వద్దో వాడినే తేల్చమనండి. వద్దంటే ఈ ఏడాదికి వదిలేసి, వచ్చే ఏడాది మళ్లీ అడగండి.